ఎంగిలి నెమరు

గుజరాత్‌లో డీసా పక్క పల్లెల్లో మొగుడి వయసు మరిచిపోయే ఆడది ఉంటే ఉండొచ్చుగాని, తన బర్రె పాల ఫ్యాట్, అదే వెన్న శాతం, మరిచేది మాత్రం ఉండదు. పాలకేంద్రం యంత్రంలో పడే అంకెల్లో పదకొండేళ్లుగా కంకుబెన్‌దే పైచేయి. ఆమె బర్రె కోయల్ పాలలో పడ్డ ఈగ మునిగేది కాదట, కాళ్లు దులుపుకుని అవతలి గట్టుకి నడిచిపోయేదట!

అలాంటిది హోలీ వెళ్లిన వారానికి కంకు పాలు ఎనిమిది చూపిస్తే, పక్కింటి నాథీబెన్ పాలు ఎనిమిదింబావు చూపించాయి.

"ఏం పెడుతున్నావే నాథీ?" అని అందరూ మూగారు. కంకు మాత్రం అడగలేదు. అడిగితే ఆమె పరువు ఏంగాను?

ఇంటికొచ్చి జెముడు కంచె సందులోంచి తొంగి చూసింది. ముల్లు బుగ్గలో దిగినా కదల్లేదు. చిప్స్ ఫ్యాక్టరీ ట్రాక్టరు పోసిపోయిన బంగాళాదుంప తొక్కల కుప్ప. నాథీ బర్రె మోగర ముందు తట్టెడు తొక్కలు. వాటి కింద కలిపిన సజ్జ చొప్ప తరుగు ఆ సందులోంచి కనబడలేదు.

మర్నాడు అదే ట్రాక్టరును తన వాకిట్లో ఆపింది.

"నాలుగు తట్టలేంటే? చొప్ప వెయ్యవా?" అన్నాడు మొగుడు వాఘాజీ.

"చొప్ప తింటే తొక్కకు చోటెక్కడ? అది ఒకటి పెడితే నేను నాలుగు పెడతా!"

రెండో రోజుకి ఫ్యాట్ ఐదున్నరకు జారింది.

"కోయల్‌ని బోరింగు పక్కన గాని కట్టేశావా కంకుబెన్?" అంది నాథీ. కేంద్రమంతా గొల్లుమంది. ఆ మంటతో కంకు ఐదో తట్ట కుమ్మరించింది.

తెల్లారేసరికి కోయల్ లేవలేదు. నెమరు లేదు. పుల్లటి కంపు, నీళ్ల పేడ.

పశువుల డాక్టరు ఎడమ డొక్కకు చెవి ఆనించి తల ఆడించాడు. "తొక్కల్లోని పిండి అంతా ఒక్కసారి పడి పొట్ట పులిసిపోయింది తల్లీ. మేత అరిగించే, కంటికి కనబడని పురుగులు చచ్చాయి. సోడా పట్టించాను, పులుపు విరుగుతుంది. కానీ తోడు లేకుండా పాలు పెరుగవుతాయా? తొక్కలకు అలవాటుపడ్డ మంచి బర్రె నోట్లోంచి నెమరు ముద్ద తీసి దీనిచేత మింగించాలి."

"పై ఊళ్లో వెతికిస్తా" అంది కంకు.

"అందాకా ఇది ఉండదు."

మజ్జిగ తోడుకైనా నాథీ గడప తొక్కని కంకు వెళ్లి నిలబడింది.

"మీ మోగరది... కాస్త కావాలి."

"పాలా?"

"కాదే! నోట్లోది. ఎంగిలి!"

నాథీ నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా లేచి మోగర పక్కన కూర్చుని, గొంతులోంచి ముద్ద పైకి రాగానే దవడలో వేళ్లు దూర్చి లాగింది. అలా మూడుసార్లు.

"తొక్కలు పదిహేను రోజులు గుప్పెడు గుప్పెడుగా పెంచాను, సగం చొప్ప కలిపి. అడిగితే చెప్పనా కంకుబెన్?"

ఆ మాట జెముడు ముల్లుకంటే లోతుగా దిగింది.

ఆ ముద్దలు మింగించాక, సాయంత్రానికి కోయల్ దవడ కదిలింది. కంకు దాని మెడ పట్టుకుని బావురుమంది.

నెల తిరిగాక యంత్రం కంకుకి ఎనిమిది చూపించింది, నాథీకి ఎనిమిదింబావు.

దారిలో కంకు వాఘాజీతో పళ్లు నూరుతూ అంది. "చూశావా దాని బుద్ధి! మీగడలాంటి నెమరు తనింట్లోనే అట్టేపెట్టుకుని, అడుగుది నా మొహాన కొట్టింది!"