ఒక కుర్చీ ఎడం

కంచంలో చెయ్యి పెట్టాడో లేదో పక్కగదిలో హోరు ఠక్కున ఆగిపోయింది.

"మళ్ళీనా తల్లీ" అన్నాడు గోడవైపు చూసి.

క్షణంలో హోరు మళ్ళీ మొదలైంది. రెండు ఊపిరులు తీసి ఆగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. అలాంటి ఊపిరి అతను ఆసుపత్రిలో ఒకసారి విన్నాడు. ఇంకోసారి వినే ఓపిక లేదు. ఎంగిలిచేత్తోనే లేచి వెళ్ళి, ఎడమచేత్తో కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు. తిరిగొచ్చి కూర్చుని, కంచం పక్కకు నెట్టేశాడు.

అత్తవారింట్లో చిన్నా పెద్దా అందరూ అతన్ని చెప్పుల బావ అనేవారు. పెళ్ళికి ముందునుంచీ ఒకే చెప్పుల దుకాణంలో పని. మనిషి గడప దాటకముందే పాదం కొలత చెప్పేస్తాడని పేరు. కంప్యూటర్ సంగతి మాత్రం ఓనమాలు కూడా తెలియవు. అది భార్యది. ఇళ్ళకు ప్లాన్లు గీసేది ఆవిడ. దుకాణాల్లో దొరికేవి నచ్చక, ఒక్కో భాగం ఏరి తెచ్చుకుని, భోజనాల బల్లమీద పాత దుప్పటి పరిచి తనే బిగించుకుంది. ఆ వారమంతా మొగుడూ పెళ్ళాలు నేలమీద కూర్చుని తిన్నారు.

ఆవిడ పోయాక ఒక వానాకాలం గడిచింది. సాయంత్రం ఇంటికి వచ్చి, తాళం తీసి, ముందు ఆ గదిలోకి వెళ్ళి మీట నొక్కేవాడు. దాంతో అతనికి పనేమీ లేదు. లోపల ఫ్యాన్లు తిరిగే హోరు కావాలి, అంతే. అది వినబడుతున్నంతసేపూ ఆవిడ పనిలో ఉన్నట్టే ఉండేది. పిలిస్తే "ఒక్క నిమిషం ఉండండీ" అంటుందేమో అనిపించేది. ఆగిపోతే మాత్రం, రెండు గదుల ఇల్లు ఎంత పెద్దదో తెలిసొచ్చేది.

మొన్నమొన్నటిదాకా బాగానే నడిచింది. ఒకరోజు చూస్తే కంప్యూటర్ పెట్టె నిండా దుమ్ము. ఆవిడ ఉంటే ఇలా ఉండనిచ్చేది కాదు. దుకాణం నుంచి మెత్తటి బ్రష్షు తెచ్చి, మరలు విప్పి, ఊడివచ్చినవన్నీ ఊడదీసి, బూట్లు తుడిచినంత శ్రద్ధగా తుడిచాడు. దేనికి దాని చోటు చూసి మళ్ళీ పెట్టాడు. అచ్చం ఒకేలాంటి సన్నటి జత రేకులుంటే, కుడీ ఎడమా కలిపి అరలో పెట్టినట్టు, పక్కపక్కనే నొక్కి కూర్చోబెట్టాడు. ఆ తర్వాతనుంచే ఈ జబ్బు.

రిపేరు కొట్టుకు మోసుకెళ్ళాడు. కొట్టువాడు లోపలికి తొంగిచూసి ఈల వేశాడు.

"బాబాయ్, ఇంత శుభ్రంగా ఉన్న పెట్టె నా సర్వీసులో చూళ్ళేదు. స్నానం చేయించారా ఏంటి?"

"తుడిచాను."

"నాకూ ఒకరోజు వచ్చి తుడిచిపెట్టండి, పుణ్యముంటుంది."

కరెంటు అందించే డబ్బా మార్చాడు. కొట్టులో ముచ్చటగా తిరిగింది. ఇంటికి తెచ్చి పెడితే గంట గడవకుండానే అదే వరస. మళ్ళీ మోశాడు.

"మా దగ్గర లక్షణంగా ఉంటోంది, మీ ఇంటికొస్తే పడకేస్తోంది. మీరేమన్నా అంటున్నారా దాన్ని?" అన్నాడు కొట్టువాడు. చెప్పుల బావ నవ్వలేదు. కొట్టువాడు గొంతు తగ్గించాడు. "మెమరీ రేకులు కూడా చూశాను బాబాయ్. ఒక్కోదాన్ని విడిగా పెట్టి చూస్తే రెండూ బంగారం. మళ్ళీ ఉన్నచోటే పెట్టేశాను. ఇంక బోర్డే పోయుంటుంది. డిస్కు తీసి కొత్తదాంట్లో వేసిస్తా, మీ ఫైళ్ళు ఎక్కడికీ పోవు. ఇది తుక్కుకి ఇచ్చేద్దాం."

"ఫైళ్ళ సంగతి కాదు."

"మరి దేని సంగతి?"

పెట్టెను చంకన పెట్టుకుని వచ్చేశాడు.

మరదలు ఫోన్లోనే తేల్చేసింది. "బావా, ఆదివారం బండి వేసుకుని వస్తున్నా. గది సర్దేద్దాం. పెట్టె బాగైతే ఉంచుకో. లేకపోతే నాతో పంపించెయ్. అది ఆగినప్పుడల్లా నువ్వు తిండి మానేస్తున్నావని నాకు తెలియదనుకోకు."

"ఎవరు చెప్పారు?"

"నీ గొంతు చెప్తోందిలే."

సరేనన్నాడు. మాట ఇచ్చాక ఆ వారమంతా తోచిన మందల్లా వేశాడు. కిటికీ తెరిచాడు, ప్లగ్గు మార్చాడు, గోడకు దూరం జరిపాడు. పెట్టె మాట వినలేదు.

ఆదివారం మరదలు వచ్చేసరికి అది మీట నొక్కినా లేవడం మానేసింది. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని గదంతా సర్దింది. చివరికి పెట్టె ముందు చతికిలబడి, తెరిచి ఉన్న దాని లోపలికి తొంగిచూసింది.

"అక్క వీటన్నిటికీ వరసలు కలిపింది, తెలుసా బావా? ఇదిగో, ఈ కరెంటు డబ్బా అత్తగారు. అలిగిందంటే ఇల్లంతా చీకటే. ఆ పెద్ద ఫ్యానుంది చూశావా, అది ఆడపడుచు. పని తక్కువ, గోల ఎక్కువ."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నీకు చెప్తే, మీ అమ్మనీ మీ అక్కనీ అంటోందని పోట్లాటకొస్తావని."

"మరి ఇవి?" జత రేకులు చూపించాడు.

"అవా? తోడికోడళ్ళు."

చెప్పుల బావ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఎప్పుడో ఒక పొద్దున ఆవిడ ఎవరో స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతోంది. "ఆ తోడికోడళ్ళని ఆనించి కూర్చోబెట్టకే బాబూ. మధ్యలో ఒక కుర్చీ ఎడం ఉండాలి. లేకపోతే ఇల్లు గంటకోసారి కూలుతుంది." ఆ వారమే తన అన్నగారింట్లో భోజనాలు. వదిన పక్కన కూర్చోవడం ఇష్టంలేక ఆవిడ అలా అంటోందనుకున్నాడు. "మా వదిన పక్కన కూర్చుంటే నువ్వేం అరిగిపోతావా?" అని గట్టిగానే అన్నాడు. ఆవిడ జవాబు చెప్పబోయి, నవ్వు ఆపుకోలేక, ఫోను పక్కన పెట్టి మరీ నవ్వింది. తనని చూసి నవ్వుతోందని అతను టీ కూడా తాగకుండా పనికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఆ ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

"బావా? ఏమైంది?"

బోర్డు మీద రేకులు దూర్చే గాళ్ళు నాలుగున్నాయి. చివరి రెండింట్లో తను పెట్టిన జత, భుజం భుజం రాసుకుంటూ. జతను విడదీయడం అతని చేతులకు రాదు. దుకాణంలో ఒక చెప్పు ఒకచోట, ఇంకోటి ఇంకోచోట కనబడితే రాత్రి నిద్రపట్టేది కాదు. రేకుల్లో ఒకదాన్ని మెల్లగా పైకి లాగి, రెండింటి మధ్యా ఒక గాడి ఖాళీ ఉండేలా అవతలి గాడిలో నొక్కాడు. టక్కుమంది.

మీట నొక్కాడు. పెట్టె ఒకసారి లేచి ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ లేచింది. ఈసారి ఆగలేదు.

మరదలు వంట చేసింది. ఇద్దరూ తిన్నారు. హోరు వినబడుతూనే ఉంది. ఆమె గిన్నెలు కడిగింది, ఉతికిన బట్టలు మడతపెట్టింది. హోరు వినబడుతూనే ఉంది. వెళ్ళేముందు ఆ గది గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గి విని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"సరే, గెలిచావు. బండి ఖాళీగా పట్టుకెళ్తున్నా. అన్నం మాత్రం మానకు బావా."

ఆమె వెళ్ళిపోయాక తలుపు వేసి వచ్చి, పెట్టె ముందు ఆవిడ కుర్చీ ఉంటే దాన్ని వదిలేసి, పక్కన నేలమీద కూర్చున్నాడు. వదిన గురించి కాదన్నమాట, ఈ రేకుల గురించి. ఆ పొద్దున ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే, నవ్వు అయ్యాక ఆవిడే చెప్పేది. తనూ నవ్వేవాడు. చెప్పులు వేసుకునే తొందరలో నిలబడలేదు.

"నవ్వితే నవ్వావు గానీ, వెనక్కి పిలవాల్సింది" అన్నాడు.

అని, తనూ కాస్త నవ్వాడు. లోపల ఆడపడుచు గోల సాగుతూనే ఉంది.