కొంగ పడే షాట్

పన్నెండు రోజులుగా పడేస్తున్నాను. ఆ కొంగ పడడం లేదు.

"పడుతోందమ్మా, కాదనను. కానీ బరువు లేదు. దండెం మీద చీర జారినట్టుంది. ఇంకొంచెం..." అని మా డైరెక్టరు చేత్తో గాలిలో ఏదో తూకం వేసి చూపించాడు.

మా అంతస్తులో ఆయనకు పెట్టుకున్న పేరే ఇంకొంచెం. ఇంకొంచెం కోపం, ఇంకొంచెం నవ్వు, ఇంకొంచెం వేగం. ఎంత అన్నది మాత్రం ఈ జన్మకు చెప్పడు. ఉప్పయితే చిటికెడు అనుకుని వేసుకోవచ్చు. బరువుకు ఏ చిటికె వెయ్యను?

మాది పిల్లల కార్టూన్ సీరియల్. ఒక కోడిపెట్ట, ఒక తాబేలు, ఒక ఉడుత, ఒక గాడిద కుంగ్‌ఫూ నేర్చుకుని చెరువును కాపాడుతుంటాయి. ఎవరి నుంచి అంటే, ఒంటికాలి గురువు అనే కొంగ నుంచి. అది ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని నీతులు చెబుతుంది, కళ్ళు తెరిచి చేపలు మింగుతుంది. కొంగ జపం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఎవరెన్ని తన్నులు తన్నినా రెండో కాలు కింద పెట్టకపోవడం దాని విద్య. ముప్పై తొమ్మిది భాగాలు అలాగే గడిచాయి. నలభయ్యో భాగంలో, అంటే చిట్టచివరి భాగంలో, కోడిపెట్ట తన్నితే అది పడాలి. నాలుగు సెకన్ల షాట్. మొదటి నుంచీ కొంగను కదిలించేది నేనే కాబట్టి పడెయ్యాల్సిందీ నేనే.

బొమ్మ కదలాలంటే ముందు మేం కదలాలి. అద్దం ముందు నిలబడి చేసి చూసుకుంటాం, ఫోన్లో వీడియో తీసుకుంటాం, దాన్ని పక్కన పెట్టుకుని బొమ్మను కదిలిస్తాం. దాన్నే రెఫరెన్సు అంటాం. అందుకే మా ఆఫీసులో పిల్లల తల్లులూ తండ్రులూ గాలిని తన్నుతూ కనిపిస్తారు. కింది అంతస్తు వాళ్ళు లిఫ్టులో మమ్మల్ని చూస్తే కాస్త పక్కకు జరుగుతారు.

నా తంటా ఏమిటంటే, ఒంటికాలి మీద నేను ఐదు లెక్కపెట్టేదాకా కూడా నిలబడలేను. కాబట్టి ఈ చివరి భాగంలో కొంగ మొత్తం మా నాన్నే.

నాన్న ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఒక్క గీత పడనివ్వలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. అలాంటి మనిషి బాత్రూములో తడి మీద జారి కుడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. "పోయి పోయి నా బ్రేకు కాలే పోయింది" అన్నాడు ఆపరేషన్ అయ్యాక. నాలుగు కాళ్ళ వాకరు ఇచ్చి పంపారు. దానికి ఇనుపమేక అని పేరు పెట్టి, దాని మీద ఉన్న కోపమంతా రోజూ దాన్ని గోడకు కొట్టి తీర్చుకునేవాడు.

వ్యాయామం నేర్పడానికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి ఉన్న సంగతి నిర్మొహమాటంగా చెప్పింది. "రోజూ కిటికీ ఊచ పట్టుకుని, ఆ కాలొక్కటి మీదే నిలబడండి. నెలాఖరుకి పరీక్షకొచ్చేసరికి ఊచ పట్టుకోకుండా పది లెక్కపెట్టేదాకా నిలబడితే వాకరు తీసేద్దాం. ఇప్పుడు బలం రాకపోతే తర్వాత రావడం కష్టం. ఇక ఆ వాకరు మీతోనే ఉంటుంది."

ఆ అమ్మాయి గడప దాటగానే నాన్న నావైపు తిరిగాడు. "ఈ వయసులో కొంగలా నిలబడాలా నేను?"

"అవును నాన్నా, కొంగలాగే. నాకిప్పుడు కావలసింది కొంగే" అన్నాను.

అలా మొదలైంది. నేను ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడితేనే ఎడమకాలు ఎత్తేవాడు. ఫోను లేకపోతే నొప్పి అనేవాడు. ఫోను ఉంటే గడ్డం పైకెత్తి, ఒక కన్ను మూసి, ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణికుణ్ణి చూసినట్టు నన్ను చూసేవాడు. ఆ చూపు కొంగకు పెట్టాను. నేలను పట్టుకునే ఆయన కాలివేళ్ళు పెట్టాను, చీలమండలో వచ్చే వణుకు పెట్టాను. మొదటిసారిగా ఇంకొంచెం మహాశయుడు ఆ మాట అనకుండా బాగుందన్నాడు. ఇంట్లో మూడు లెక్క నాలుగయింది, నాలుగు ఆరయింది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు అని నాలో నేనే మురిసిపోయాను.

అయితే నిలబడడానికి నాన్న ఉన్నాడు. పడడానికి? ఆయన్ని పడమని ఎలా అడుగుతాను? ఆఫీసులో పరుపు వేసుకుని నేనే పడ్డాను. ముప్పైసార్లు పడ్డాను. కింద పరుపుందని ఒంటికి తెలుసు, అందుకే అందులో భయం లేదు, భయం లేనిచోట బరువు రాదు. అంటే ఇంకొంచెం చెప్పిందే నిజం. మనకు నచ్చనివాడి మాట నిజమైతే ఎంత ఒళ్ళు మండుతుందో నాకు ఆ పన్నెండు రోజుల్లో తెలిసింది.

పదమూడో రోజు పొద్దున నాన్న ఊచ వదిలేసి ఏడు దాకా వచ్చాడు. చీలమండ వణుకుతోంది. చాలు, దించెయ్ అనాలి. ఆ వణుకు ఎంత బాగుందో చూస్తూ నేనన్న మాట ఇది: "నాన్నా, ఇంకొంచెం."

ఎనిమిది దగ్గర మడమ లేచింది. ఆయన పడిపోయాడు.

వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. ముందు నాన్నను చూసింది, తర్వాత నన్ను చూసింది. "పడుతుంటే చూస్తూ నిలబడ్డావా? చేతిలో ఆ ఫోనేంటే?"

అప్పటికీ ఫోను రెండు చేతుల మధ్యే ఉంది. ఇంకా తీస్తూనే ఉంది.

అదృష్టం బాగుండి ఎముకకేం కాలేదు. ఎక్స్‌రే తీసి చూశారు, మోచెయ్యి కమిలింది, అంతే. నాన్న నన్ను తిట్టినా బాగుండేది. ఇనుపమేకను దగ్గరకు లాక్కుని, దాని మీద వాలి మంచం దాకా నడిచాడు. సాయంత్రం ఊచ దగ్గరికి రమ్మంటే, "కొంగకి సెలవు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడూ అంతే. పరీక్షకు ఎనిమిది రోజులే ఉన్నాయి. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి బతిమాలింది, అమ్మ అరిచింది, నేను ఆ గదిలోకి వెళ్ళడానికే భయపడ్డాను. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. భయపడిన మొండివాణ్ణి ఇక ఎవరు కదిలిస్తారు?

ఆఫీసులో ఆ వీడియో తెరిచాను. తీసేద్దామనే తెరిచానని నాకు నేను చెప్పుకున్నాను. కానీ మా చేతులకు ఒక పాడు అలవాటుంది. వీడియో కనిపిస్తే ఒక్కొక్క బొమ్మగా జరిపి చూస్తాం. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. మడమ లేచిన దగ్గర్నుంచి నేల తగిలేదాకా పంతొమ్మిది.

మొదట కనిపించింది నా ఘనకార్యమే. నాన్న పడుతుంటే ఫోను వణకలేదు. పైగా, ఆయన పాదాలు తెరలోంచి తప్పిపోకుండా దాన్ని మెల్లగా కిందికి వంచాను. మనిషి పడుతుంటే ఎవరి చేతులైనా ముందుకెళతాయి. నావి షాటు సరిచేసుకున్నాయి.

తర్వాత ఆయన చెయ్యి. కిటికీ ఊచ కుడిపక్క జానెడు దూరంలో ఉంది. అది పట్టుకుని ఉంటే పడేవాడు కాదు. ఆరో బొమ్మ నుంచి ఆయన కుడిచెయ్యి ఊచవైపు కాదు, నావైపు వచ్చింది. అరచెయ్యి తెరిచి ఉంది. ఏడు బొమ్మల పాటు అలాగే ఉంది. తర్వాత ఆయన కళ్ళు ఫోను మీద పడ్డాయి. అప్పుడు చెయ్యి ఊచ కోసం వెనక్కి తిరిగింది, అందలేదు.

ఆ ఏడు బొమ్మలనూ మళ్ళీ మళ్ళీ జరిపి చూశాను. తర్వాత, సిగ్గు లేకుండా చెబుతున్నాను, షాటు మొదలుపెట్టాను. ఆ పంతొమ్మిదీ కొంగకు ఎక్కించాను. చాచిన చెయ్యిని రెక్కగా మార్చాను. ఒక్క బొమ్మ కూడా తగ్గించలేదు.

ఇంకొంచెం మూడుసార్లు చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని నాలుగోసారి చూశాడు. "వచ్చిందమ్మా బరువు! ఇదే నేను మొత్తుకున్నది. కానీ..."

"కానీ ఏంటి సార్?"

"ఆ రెక్క ఎవరి కోసం చాస్తోంది? అక్కడ ఎవరూ లేరుగా. అదొక్కటీ తీసెయ్, అయిపోతుంది."

రెండు వారాలుగా అణుచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఉన్నారు సార్! ఎదురుగా కోడిపెట్ట ఉంది. తన్నిన మనిషి ఎక్కడికి పోతుంది?"

"మనిషా? సరే, కోడే అనుకో. ఉంటే?"

"పట్టుకోవాలి."

"విలన్‌నా? నలభై భాగాలు తన్నీ తన్నీ, ఆఖరికి పట్టుకుంటుందా?"

"తన్నడం వేరు సార్. పడుతూ చెయ్యి చాస్తే చూస్తూ నిలబడడం వేరు. అది విలన్లు చేసే పని."

చుట్టుపక్కల కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. గాడిదను కదిలించే ఆయన గాలిలోకి ఎత్తిన కాలు అలాగే ఉంచేశాడు. ఇంకొంచెం నన్ను చూసి గడ్డం గీరుకున్నాడు. "నవ్వు రావాలి మరి. మనది కామెడీ."

"వస్తుంది. అంత కొంగ మీద పడితే కోడి కూడా చతికిలబడుతుంది."

"రేపు సాయంత్రానికి చూపించు. పట్టుకున్న బరువు తెలియాలి. ఇంకొం..."

"సార్, దయచేసి ఆ మాట అనకండి."

ఇంటికి వెళ్ళేసరికి ఇంకా ఎండ ఉంది. నాన్న గోడవైపు తిరిగే పడుకుని ఉన్నాడు. మంచం అంచున కూర్చున్నాను.

"నాన్నా, నువ్వు పడేముందు నాకేసి చెయ్యి చాచావు. నేను చూళ్ళేదు" అన్నాను. అది అబద్ధమని నోట్లోంచి వస్తుండగానే తెలిసింది. "కాదు. చూశాను. ఫోను వదల్లేదు. తప్పు నాదే."

గోడకేసి చూస్తూనే అడిగాడు. "కాళ్ళు తెరలోకి వచ్చాయా?"

"వచ్చాయి."

"మరింకేం."

ఆ రెండు మాటలకు నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆయన కాసేపు భరించి, "సరే, ఆ డైరెక్టరేమన్నాడు?" అన్నాడు. కథ మార్పించిన సంగతి చెప్పాను. నాన్న ఇటు తిరిగాడు.

"కోడి పట్టుకుంటుందా? కొంగనా? అంత కొంగని ఇంత కోడి ఎలా పట్టుకుంటుందే?"

"అదే నాకూ తెలీదు. చేసి చూడాలి. రేపటికివ్వాలి."

"నువ్వు ఫోను పట్టుకుంటావు. మరి నన్నెవరు పట్టుకుంటారు?"

నేను లేచి ఇనుపమేకను ఆయన పక్కనుంచి లాగేశాను. దాన్ని గది అవతలి మూలకు తీసుకెళ్ళి, ఫోను దాని అడ్డకమ్మికి ఆనించి, నా జడ రబ్బరుబ్యాండుతో బిగించాను. నాన్న ఆ మేకను చూశాడు, ఖాళీగా ఉన్న నా రెండు చేతులనూ చూశాడు. అప్పుడు నా భుజం పట్టుకుని లేచాడు.

కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను ఎదురుగా మూరెడు దూరంలో, రెండు చేతులూ చాచి నిలబడ్డాను. అమ్మ గుమ్మంలోంచి, "మీ ఇద్దరి పిచ్చికీ మందు లేదు" అని, వెంటనే తనే లెక్క మొదలుపెట్టింది.

ఎడమకాలు లేచింది. మూడు దగ్గర ఊచ వదిలేశాడు. ఐదు, ఆరు. చీలమండ వణుకు మొదలైంది. ఏడు. ఎనిమిది దగ్గర నా చేతులు ఇంకాస్త ముందుకెళ్ళాయి. మడమ లేవలేదు.

"ఇక పడు నాన్నా."

"ఉండు."

"తొమ్మిది" అంది అమ్మ. ఆమె గొంతు మారింది. "పది."

"పదయింది, ఇక చాలు! పడు, నేను పట్టుకుంటాను."

గడ్డం పైకెత్తాడు. ఒక కన్ను మూశాడు. "ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను. కావాలని ఒక్కసారైనా గుద్దించానా? కావాలని ఎలా పడమంటావే?"

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను. రేపటికి షాటివ్వాలి. కొంగ పడాలి!"

"కొంగ పడదు. వెళ్ళి చెప్పు మీ డైరెక్టరుకి."

"పదమూడు" అంది అమ్మ.

ఒళ్ళు మండిపోయింది. పన్నెండు రోజులు పడని కొంగ, ఒక్కసారి వద్దన్నప్పుడు పడి, ఇప్పుడు పడమంటే మళ్ళీ పడనంటోంది. భుజాలు లాగేస్తున్నాయి. మూలనున్న ఇనుపమేక మీద ఫోను తీస్తూనే ఉంది, పాదాలు తెరలో ఉన్నాయో లేవో నాకు తెలియదు.

"పద్నాలుగు."

నేను చేతులు దించలేదు.