పేజీలో లేని మాట

చొక్కా కాలరు తిరగేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తూ, బల్ల చివర మడతపెట్టిన తువ్వాలు మీద ఉన్న ఫోన్లోకి నెమ్మదిగా చదువుతున్నాను. ఒక పాప, ఆమె పిల్లి. పిల్లి కనబడటం లేదు. పాప మంచం కింద వెతుకుతుంది, బీరువా వెనక వెతుకుతుంది, వెతికిన ప్రతిచోటా అదే అడుగుతుంది. "ఊ ఏ లె షా?" పిల్లి ఎక్కడుంది, అని. ఆ 'షా' దగ్గర నా గొంతు దానంతటదే మెత్తబడుతుంది. కొత్త భాషలో పిల్లలకి ముందుగా అంటుకునేది ఆ మెత్తదనమే. బడిలో రికార్డు చేద్దామంటే గోల లేని గది దొరకదు. ఇంట్లో నాకు దొరికేది ఈ ఇస్త్రీ వేళ ఒక్కటే.

నేను ఆరో తరగతికి ఫ్రెంచి చెబుతాను. నా క్లాసులో పిల్లలు మొదట్లో నోరు విప్పనక్కర్లేదు. కథ వినాలి, కాగితం మీద ఆ వాక్యాల కింద వేలు నడపాలి, బొమ్మల అట్టల్ని కథ నడిచిన వరసలో పేర్చాలి. చెవులు నిండితే మాట దానంతటదే వస్తుంది. నేను చదువుకున్న మా ఊరి బడిలో కొత్త భాషంటే లేచి నిలబడి గట్టిగా అప్పజెప్పడమే. ఒకసారి నాకు నోరు తిరగక ఏదో పలికితే క్లాసంతా గొల్లుమంది. తర్వాత చాలా ఏళ్ళు ఏ కొత్త భాషలోనూ పెదవి కదపలేదు. నా క్లాసు పిల్లల్లో ఎవరికీ అలాంటి రోజు రాకూడదని నా ఆశ.

మా ఆయనకిదంతా వేళాకోళం. "మా ఆవిడ క్లాసులో నోరు మెదపనివాడే ఫస్టు" అంటారు స్నేహితులతో. వాళ్ళు నవ్వుతారు. మంచినీళ్ళ గ్లాసులు అందిస్తూ నేనూ నవ్వుతాను. అత్తయ్య మాత్రం నవ్వరు. ఆవిడ ఏమనుకుంటారో నాకెప్పుడూ తెలియలేదు.

ఆ రోజు క్లాసులో రికార్డు పెట్టాను. వేళ్ళన్నీ వాక్యాల కింద నడుస్తున్నాయి. ఉన్నట్టుండి రెండు జడల పిల్ల వేలు ఆగిపోయింది.

"మేడమ్, ఈ మాట పేజీలో లేదు."

"ఏ మాట?"

"'చొక్కా అయిందా, ఎంతసేపా గొణుగుడు' అని ఒకాయన... అది."

ఆ ముక్క మళ్ళీ పెట్టాను. రికార్డు చేశాక వెనక్కి తిప్పి వినే తీరిక నాకెప్పుడూ ఉండదు.

"అది అన్ని కథల్లోనూ వస్తుంది మేడమ్," అన్నాడు వెనక బెంచీ వాడు, పాఠం అప్పజెప్పినంత మామూలుగా. "తర్వాత ఎవరో చిన్నగా 'అయిపోవచ్చిందండీ' అంటారు."

జడల పిల్ల తల వంచి ఇంకోసారి వింది. తర్వాత నా మొహంలోకి చూసింది. "అది మీరేనా మేడమ్? కథ చదివేటప్పుడు మీ గొంతు అలా ఉండదే!"

ఎవరూ నవ్వలేదు. వినడం నేర్పింది నేనే కదా, వాళ్ళు అంతా విన్నారు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచారు. "శనివారం తల్లిదండ్రులొస్తారు. పిల్లలతో ఒక పాటైనా పాడించండి."

"ఇంకా పాడలేరు మేడమ్. తల్లిదండ్రులు కూడా వాళ్ళ పక్కన కూర్చుని కథ వింటే, పిల్లలకెంత తెలుస్తోందో వాళ్ళకే కనబడుతుంది."

"మీ ఇష్టం. శనివారం అది తేలకపోతే మీ క్లాసుని పాటలు నేర్పే మాస్టారికి ఇచ్చేస్తాను. తర్వాత నన్ననుకోవద్దు."

ఆ సాయంత్రం మా ఆయన చెప్పుల్లోంచి కాళ్ళు తీయకుండానే అన్నారు. "శనివారం మా ఆఫీసువాళ్ళు భోజనానికొస్తున్నారు. సెలవు పెట్టెయ్. ఎలాగూ నీ పిల్లలు మాట్లాడరు, నువ్వు లేవని ఎవరికి తెలుస్తుంది?"

 ఈ ఇంట్లో నేనేమీ అనకపోతే సరేనన్నట్టే లెక్క. ఆయన స్నానానికి వెళ్ళిపోయారు.

వంటింట్లో అత్తయ్య బీన్సు తుంచుతున్నారు. ఎదురుగా కూర్చుని నేనూ గుప్పెడు తీసుకున్నాను. ఆవిడ చేతుల్లోంచి చూపు ఎత్తకుండా, "అమ్మాయ్, ఇంతకీ ఆ పిల్లి దొరికిందా?" అన్నారు.

నా చేతిలో బీన్సు చేతిలోనే ఉండిపోయింది. "పిల్లి అని మీకెలా తెలుసత్తయ్యా?"

"రోజూ వింటున్నాను కదుటే. షా, షా అని ఎంత ముద్దుగా పిలుస్తావో! మొన్న బొమ్మలకి జిగురు పెట్టి ఆరబెట్టావు చూడు, అప్పుడనుకున్నా, ఓహో, షా అంటే పిల్లి అన్నమాట అని." కొంచెం సిగ్గుపడుతూ, "నువ్వు చదివేటప్పుడు కుక్కరు కూత పడకుండా మంట తగ్గించేస్తుంటాను. అందుకే ఆ మధ్య ఒకరోజు పప్పు ఉడకలేదు. వాడు సణిగింది నిన్ను, పాపం నాది."

నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరనుకున్నాను. గోడకి అవతల ఒక మనిషి మంట తగ్గించి మరీ వింటోంది.

"కథ చివర శనివారం చదువుతానత్తయ్యా. పిల్లలక్కూడా ఇంకా చెప్పలేదు."

"శనివారమా," అన్నారు. మళ్ళీ బీన్సు తుంచుకుంటూ కూర్చున్నారు.

శనివారం పొద్దున బల్ల మీద నా చీర ఉంది. కుచ్చిళ్ళ దగ్గర ఇస్త్రీపెట్టె మెల్లగా జరుపుతున్నాను. బనీనుతో గుమ్మంలోకొచ్చారు ఆయన.

"చొక్కా అయిందా?"

"కాలేదండీ. అవదు కూడా. నేను బడికెళ్తున్నాను."

ఆ గొంతు నాకే కొత్తగా వినబడింది. తర్వాత గుర్తుపట్టాను, కథ చదివేటప్పుడు ఉండే గొంతు అది. జడల పిల్ల వింటే వెంటనే పోల్చుకునేది.

ఆయన ముందు నవ్వారు. నేను ప్లగ్గు పీకి చీర మడతపెట్టుకుంటుంటే ఆ నవ్వు ఆగిపోయింది. "మరి వంట? మధ్యాహ్నానికల్లా వచ్చేస్తారు వాళ్ళు!" నేను గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాను. చీర కట్టుకుని బయటికొచ్చేసరికి ఆయన వంటింటి వైపు తిరిగి కేకేస్తున్నారు. "అమ్మా, చూడు దీని వరస. నువ్వైనా చెప్పు!"

స్టవ్వు కట్టేసిన చప్పుడైంది. అత్తయ్య చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చారు. కొడుకు మొహం చూశారు, నా చీర చూశారు. గోడకి ఆనించి ఉన్న బొమ్మల అట్టల సంచీ తీసి భుజానికి తగిలించుకున్నారు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, నాకంటే ముందే బడికని మెట్లు దిగి వెళ్ళిపోయారు.