విచక్షణ పేపరు

"టైపు కొట్టడానికి కూడా పరీక్షా?" అన్నాడు మా ఆయన మెర్ల్.

నేనప్పుడు అతని ఆదివారం చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్నాను. "రేపు అంట్లు తోమడానిక్కూడా సర్టిఫికెట్లు ఇస్తారు కాబోలు," అని తనే నవ్వుకుని, ఆ నవ్వుకి నేను తోడు రాలేదని కూడా చూడకుండా టీవీ ముందుకి వెళ్ళిపోయాడు. నిజంగా ఇస్తే ఎంత బాగుండు అనుకున్నాను. ఈపాటికి నేను డాక్టరేట్ పుచ్చుకుని, పక్కింటివాళ్ళకి పాఠాలు చెబుతూ ఉండేదాన్ని.

మెర్ల్ మంచివాడు. మా ఊరి ధాన్యం సహకార సంఘంలో ట్రాక్టర్ల విడిభాగాలు అమ్ముతాడు. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి బల్ల మీద పెడతాడు. కాన్సస్‌లో మా గోధుమల ఊళ్ళో ఆడవాళ్ళు మొగుళ్ళని కొలిచే గిద్దె అంతే. ఆ గిద్దె నిండితే చాలు, ఇంక మాట్లాడడానికేమీ ఉండదు. నాకేమో ఆ మధ్య మాట్లాడాలనిపించడం మొదలైంది.

దానికి కారణం చర్చి విందు. కొత్తగా వచ్చిన పాస్టరు భార్య నన్ను చూసి, "మీరేం చేస్తుంటారు వెల్డా?" అని ఆప్యాయంగా అడిగింది. నేను నోట్లో ఉన్న బంగాళదుంప మింగేలోపే మెర్ల్ జవాబు చెప్పేశాడు. "లాయరు గ్రేడీ గారి దగ్గరికి కాస్త సాయానికి వెళ్తూ ఉంటుంది." సాయానికి! మా పెద్దపిల్ల నడవడం మొదలెట్టినప్పుడు చేరాను ఆ ఆఫీసులో. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో ఉంది. వీలునామాలూ, పొలాల పంపకాలూ, విడాకుల కాగితాలూ అన్నీ నా చేతుల మీదుగానే కోర్టుకి వెళ్తాయి. వాటితో పాటు గ్రేడీ గారి భార్య పుట్టినరోజు గుర్తుపెట్టుకోవడం, ఆయన కోటుకి ఊడిన గుండీ కుట్టడం కూడా నా పనే. ఆయనైనా ఫోన్‌లో ఎవరితోనో, "ఆ కాగితాలు మా అమ్మాయి పంపిస్తుందిలెండి," అంటూ ఉంటారు. నలభై దాటిన అమ్మాయిని. కీళ్ళ నొప్పులున్న అమ్మాయిని. ఇన్నాళ్ళూ ఆ మాట నాకు వినిపించేదే కాదు. చర్చి విందు తరవాత వినిపించడం మొదలైంది. ఒకసారి వినిపించిందా, ఇక చెవిలో దూరిన దోమే.

మెర్ల్ ఆ అంట్ల మాటన్న మర్నాడు మధ్యాహ్నం కోర్టు మెట్ల మీద ఒలీటాని పట్టుకున్నాను. ఒలీటా వీధి అవతల ఉన్న లాయరు దగ్గర సెక్రటరీ. భర్త పోయి చాలాకాలమైంది. జుట్టులో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉంటుంది, రెండోది వెతుక్కుంటూ ఉంటుంది. మా కౌంటీ మొత్తానికి లీగల్ సెక్రటరీల పరీక్ష పాసైనది తనొక్కతే. పాసైనవాళ్ళకి గుర్తుగా ఇచ్చే పిన్నుని నిద్రలో తప్ప తియ్యదని చెప్పుకుంటారు.

"నేనూ రాస్తాను. కానీ మెర్ల్ ఏమంటున్నాడంటే…" అని మొదలెట్టాను.

"ఆ పరీక్షలో మెర్ల్ ఏమంటున్నాడన్న ప్రశ్న రాదు. నేను రాసొచ్చాను కదా, నాకు తెలుసు," అంది ఒలీటా. "శనివారం పొద్దున్నే మా ఇంటికి రా. ఆకలితో రా."

ఆ శనివారాలు నా జీవితంలో పండగలు. ఒలీటా వంటింట్లో ఒక గిన్నెడు చిల్లీ, అంటే మాంసమూ చిక్కుడు గింజలూ వేసిన కారపు కూర, పక్కన దాల్చినచెక్క రొట్టె చుట్టలు. కారంలో తీపి ముంచుకు తింటూ వ్యాకరణం, ఖాతాలు, కోర్టు పద్ధతులు, క్లయింట్ల రహస్యాలు కాపాడాల్సిన నియమాలు, ఒప్పందాల చట్టం చదివేవాళ్ళం. ఇన్నేళ్ళూ నా వేళ్ళు ఎందుకని అడక్కుండా కొట్టిన మాటలకి అర్థాలు తెలుస్తుంటే, చీకటింట్లో ఒక్కొక్క గదిలో దీపం వేసుకుంటూ పోతున్నట్టుండేది. ఒక రోజు ఇంటికి వెళ్తూ కారులో గట్టిగా పాడుతున్నానని చౌరస్తాలో ఆగాక గాని నాకే తెలియలేదు.

చివర్లో ఒక పేపరు ఉంది. దాని పేరు విచక్షణ. ఒకేసారి పది పనులు మీద పడితే ఏది ముందు, ఏది వెనక, ఏది ఎవరిది అని తేల్చే పేపరు.

"ఇదెందుకు చదవడం? పెళ్ళై, పిల్లల్ని పెంచి, అత్తగారితో వేగినదాన్ని. ఇది నాకు కొట్టిన పిండి," అన్నాను.

ఒలీటా కూడా నిజమేనంది. ఇద్దరం ఆ పుస్తకం మూసేసి ఇంకో రొట్టె చుట్ట తిన్నాం.

పరీక్ష విచిటా నగరంలో, ఒక హోటల్ పెద్ద హాల్లో. టైపు మిషన్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. హోటల్ గుమ్మంలో మేమందరం మంచి బట్టలు వేసుకుని, పెదాలకి రంగేసుకుని, చంటిపిల్లల్లా మిషన్లని చంకలో ఎత్తుకుని దిగుతుంటే తలుపు దగ్గరి పెద్దాయన కళ్ళు తేలేశాడు. "ఏంటమ్మా, ఏ ఆఫీసు దోచుకొచ్చారు?" అన్నాడు. "అన్నీనూ!" అంది నా వెనకాల ఎవరో, అందరం గొల్లుమన్నాం. అంతమంది ఆడవాళ్ళు ఒక్కసారి టైపు కొడుతుంటే ఆ హాలు రేకుల కప్పు మీద వడగళ్ళ వానలా మోగింది. ఇంట్లో మెర్ల్‌కి నేను రెండు రోజుల వంట వండి పెట్టి వెళ్ళాను. అయినా మా అత్తగారు ఈనిడ్ చేపలు వేసి ఓవెన్లో కాల్చిన కాసరోల్ ఒక పళ్ళెం చేసి తీసుకెళ్ళి, "పాపం నా కొడుకు," అని పక్కన కూర్చుని తినిపించినంత పని చేశారట.

కొన్ని వారాలకి ఫలితాలొచ్చాయి. ఒక్కటి తప్ప అన్నీ పాస్. చట్టంలో మంచి మార్కులు. విచక్షణలో ఫెయిల్.

ఇంట్లో ఆ రోజు జరిగిన ఉత్సవం ఏమని చెప్పను! మెర్ల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "విచక్షణలోనా! ఆ పరీక్షేదో నన్నడిగితే ఫీజు లేకుండా చెప్పేవాణ్ణి కదే!" అత్తగారు బఠానీలు ఒలుస్తూ, తల ఎత్తకుండా, "నాకు పెళ్ళినాడే అనుమానమొచ్చింది," అన్నారు. నేను కూడా నవ్వాను. అలవాటు. తరవాత గరాజులోకి వెళ్ళి కారులో కూర్చుని, అద్దాలు పైకెత్తుకుని ఏడ్చాను. మిగతావి ఏవి పోయినా సరిగ్గా చదవలేదని సరిపెట్టుకునేదాన్ని. ఇది పోయిందంటే మనిషినే పనికిరానని తీసేసినట్టనిపించింది.

శనివారం ఒలీటా నన్ను బల్ల ముందు కూర్చోబెట్టింది. "ఒక్క ప్రశ్నైనా గుర్తుందా?"

గుర్తులేకేం. లాయరుగారు కోర్టు నుంచి ఫోన్ చేసి అర్జంటుగా ఫైలు పంపమంటారు. ముందు గదిలో ఒక క్లయింటు ఏడుస్తూ ఉంటుంది. పక్క సెక్రటరీ తన టైపు పని కాస్త చేసిపెట్టమంటుంది. లాయరుగారి భార్య ఫోన్ చేసి, సాయంత్రం విందుకి కేకు తెచ్చిపెట్టమంటుంది. నువ్వేం చేస్తావు?

"మరి నువ్వేం రాశావు?"

"ఫైలు నేనే కోర్టుకి పట్టుకెళ్తాను. వెళ్ళేముందు క్లయింటుకి కాఫీ ఇచ్చి నాలుగు మంచిమాటలు చెప్తాను. దారిలో కేకు కొంటాను. ఆ టైపు పని మధ్యాహ్నం భోజనం మానేసి చేసేస్తాను," అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాననుకుంటాను.

ఒలీటా నోట్లో కాఫీ ఉంది. అది ముక్కులోంచి వచ్చింది. జుట్టులో పెన్సిల్ జారి చిల్లీ గిన్నెలో పడేదాకా నవ్వింది.

"ఓసి పిచ్చిదానా! నిన్ను సెక్రటరీలా రాయమంటే పెళ్ళాంలా రాశావు!"

"అంటే?"

"ఫైలు పంపడం నీ పని. కాబట్టి అది ముందు, అదీ నువ్వు మొయ్యకుండా కాగితాలు చేరవేసే కుర్రాడి చేత. క్లయింటుకి ఆయన ఎప్పుడొస్తాడో చెప్పు. పక్కావిడతో నా పనయ్యాక చూస్తానని చెప్పు. కేకు సంగతి నాది కాదని మర్యాదగా చెప్పు. అంతే జవాబు."

"అలా చెప్పొచ్చా?"

"చెప్పొచ్చేంటి? చెప్తేనే మార్కులు!"

ఎవరైనా అడిగితే చెయ్యడం, అడక్కపోతే కనిపెట్టి చెయ్యడం, ఇదే తెలివనీ, ఇదే మంచితనమనీ మా అమ్మ నేర్పింది, వాళ్ళమ్మ ఆవిడకి నేర్పింది. ఎక్కడో దూరాన కూర్చుని పేపర్లు దిద్దే ఎవరో ముక్కూమొహం తెలియని మనుషులు దానికి సున్నా వేశారు. అవమానంగా ఉండాల్సింది. కానీ నాకు లోపల్నుంచి ఏదో బిగువు సడలిపోయి, నవ్వు తన్నుకొచ్చింది. ఈసారి అలవాటు నవ్వు కాదు.

"రోజుకొకటి సాధన చెయ్యి," అంది ఒలీటా. "నీది కాని పని ఒక్కటి పట్టుకుని, నాది కాదని చెప్పు. అరవక్కర్లేదు. ఏడవక్కర్లేదు. చెప్పాలంతే."

సోమవారం పొద్దున మెర్ల్ పడగ్గదిలోంచి కేకేశాడు. "వెల్డా, నా నీలం మేజోళ్ళేవీ?"

ఎక్కడున్నాయో నాకు తెలుసు. "నీ మేజోళ్ళు కదా మెర్ల్, నువ్వే చూసుకో," అన్నాను. కాసేపటికి వెళ్ళి చూస్తే గది మధ్యలో, తల్లి తప్పిపోయిన దూడలా నిలబడి ఉన్నాడు. ఆ రోజు పనిలోకి ఒకటి నలుపు, ఒకటి గోధుమరంగు వేసుకుని వెళ్ళాడు. మా సంసారం కూలిపోలేదు.

ఆఫీసులో గ్రేడీ గారు కోటు విప్పి నా బల్ల మీద పెట్టారు, ఎప్పటిలాగే గుండీ అరచేతిలో పట్టుకుని. "సూదీ దారం మీ గదిలో పై సొరుగులో పెట్టాను గ్రేడీ గారూ," అన్నాను. ఆయన నా వంక చూశారు, గుండీ వంక చూశారు. ఆ రోజు పిన్నీసు పెట్టుకుని కోర్టుకి వెళ్ళారు. జడ్జిగారు ఆ పిన్నీసు వంకే చూస్తూ కూర్చున్నారట.

అందరికన్నా కష్టం అత్తగారు. ఆవిడ నాకు ఆఫీసుకి ఫోన్ చేసి జుట్టు సెట్టింగుకి తీసుకెళ్ళమనడం ప్రతి గురువారం ఆనవాయితీ. నేను భోజనం వేళ వదులుకుని తిప్పేదాన్ని. ఆ గురువారం రిసీవరు గట్టిగా పట్టుకుని, "అత్తయ్యా, ఈ వేళ నాకు పనుంది. మెర్ల్‌కి చెప్పండి. మీరు కన్నది అతన్నే కదా," అన్నాను. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చారు. నీలిరంగు మెరిసే తెల్లజుట్టు చక్కగా సెట్టయి ఉంది. కొడుకు తీసుకెళ్ళాడన్నమాట. బల్ల ముందు కూర్చుని, తిడతారని నేను నడుం బిగించుకుంటూ ఉంటే, "ఆ పేపర్లో ఇంకా ఏమేం అడుగుతారు?" అన్నారు.

చెప్పాను. కేకు ప్రశ్న కూడా చెప్పాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నారు.

"మీ మామగారి గోధుమ కోతలకి పాతిక మందికి వండేదాన్ని," అన్నారు చివరికి. "చంటాడు చంకలో, మరొకడు కడుపులో. ఒక్కరంటే ఒక్కరు, ఏది నీ పని, ఏది కాదు అని నన్నడగలేదు. అడిగితే నేనూ ఫెయిలయ్యేదాన్నే." అంతలోనే మొహం బిగించి, "ఊఁ, ఇప్పుడు చూడు. నేను లాయరుగారి పెళ్ళాన్ని. ఏమమ్మాయ్, సాయంత్రానికి కేకు తెచ్చిపెట్టు!"

"క్షమించండి మేడమ్, నాకు ఆఫీసు పనుంది. బేకరీ నంబరు ఇస్తాను."

"నంబరు కూడా నువ్వెందుకివ్వాలి? ఆవిడకి టెలిఫోన్ పుస్తకం లేదూ?" అని బల్ల మీద కొట్టారు అత్తగారు. "మళ్ళీ చెప్పు!"

అలా మొదలైంది. రోజూ వచ్చేవారు. ఒకసారి లాయరు, ఒకసారి కోపిష్టి క్లయింటు, ఒకసారి పక్క సెక్రటరీ. ఏడుపు కూడా నిజంగానే ఏడ్చేవారు. ఇన్నేళ్ళూ సూటిపోటి మాటలకే వాడిన ఆ నోట్లో ఇంత నాటకం ఉందని మాకెవరికీ తెలియదు. మెర్ల్ గుమ్మంలో నిలబడి, "అమ్మా, రాత్రి వంటెవరు చేస్తున్నారు?" అని అడిగితే ఇద్దరం ఒకేసారి తలతిప్పి అతన్నే చూశాం. ఆ రాత్రి మాడిన పంది మాంసం ముక్కలు తిన్నాం. బాగున్నాయని కూడా అన్నాం. వాటి మీద రంపం ఆడించాల్సొచ్చిందని ఎవరికీ చెప్పుకోలేదు.

రెండోసారి ఒక్క పేపరే కాబట్టి మిషన్ మొయ్యక్కర్లేదు. పర్సు ఊపుకుంటూ వెళ్ళాను. అత్తగారు కారు ముందు సీట్లో కూర్చుని విచిటా దాకా ప్రశ్నలు వేస్తూనే వచ్చారు. పాసయ్యాను. ఒలీటా తన చేత్తో నా గౌనుకి పిన్ను పెట్టింది. మెర్ల్ సహకార సంఘంలో కొనడానికి వచ్చిన ప్రతివాడికీ, స్క్రూలు తూచి ఇస్తూ, "మా ఆవిడ విచక్షణ పాసైంది. సర్టిఫికెట్ ఉంది. మీ ఇంట్లో ఎవరికన్నా ఉందా?" అని చెప్పాడట. వెక్కిరింతో గర్వమో అతనికే తెలిసినట్టు లేదు. నేను గర్వం కిందే జమ కట్టుకున్నాను.

వసంతం వచ్చాక ఒక రోజు పొద్దున్నే, పక్క కౌంటీలో కొత్త ఆఫీసు తెరిచిన లాయరమ్మ, కోరా బెకర్ అనే ఆవిడ, నాకు ఫోన్ చేసింది. ఆవిడకి పారాలీగల్ కావాలి. అంటే కోర్టులో వాదించడం, సలహా చెప్పడం తప్ప కేసులో తక్కిన పనంతా స్వయంగా చూసుకునే మనిషి. పాత తీర్పులు వెతకాలి, సాక్షులతో మాట్లాడాలి, నాకో గది, దాని తలుపు మీద నా పేరు. "మీ గురించి ఒలీటా చెప్పింది. ఇంకెవరినీ చూడ్డం లేదు," అంది.

మా ఊళ్ళో కబురు గాలికన్నా ముందెళ్తుంది. పన్నెండు కొట్టేసరికి గ్రేడీ గారు నా బల్ల ముందు నిలబడ్డారు.

"నువ్వు వెళ్ళిపోతే నేనేమైపోతాను వెల్డా? నీకూ ఇక్కడే గది కడతాను. ఏ పేరు కావాలంటే ఆ పేరు పెట్టుకో. ఇన్నేళ్ళ మనిషివి. ఉంటానని ఇప్పుడే చెప్పు."

ఆయన గొంతులో నిజమైన బెంగ ఉంది. పాత వెల్డా అయితే ఆ బెంగని చూసి, ఆయనకి కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, తన జీవితం కూడా పళ్ళెంలో పెట్టి ఇచ్చేది.

"భోజనానికి వెళ్తున్నాను గ్రేడీ గారూ," అన్నాను. "వచ్చాక చెప్తాను."

ఆయన క్లయింట్ల బెంచీ మీద, టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. నేను వీధిలోకి వచ్చాను. ఎండ వెచ్చగా ఉంది. ఆలోచించడానికేమీ లేదు, వచ్చే నెల మొదటివారంలో చేరతానని కోరా బెకర్‌కి పొద్దున్నే చెప్పేశాను. కానీ నా బతుకులో మొట్టమొదటిసారి ఒక మగమనిషి నా మాట కోసం కాచుక్కూర్చున్నాడు. అందుకని హోటల్లో భోజనమయ్యాక ఒక ముక్క ఆపిల్ పై కూడా తెప్పించుకుని, మెల్లగా, చివరి తునక దాకా తిన్నాను.