ఎదుటి వేషం

చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కోటేశ్వరమ్మ రాజుగారి మాటలు చదివేది. "నిన్ను నా రాజ్యం నుంచి వెళ్ళగొడుతున్నాను. ఇక నీ ముఖం నాకు చూపించకు" అన్న మాటని, పప్పు ఉడికిందా అని అడిగినంత చప్పగా చదివేది. ఎదురుగా గోడకి చేరగిలబడి కూర్చున్న సీతారావమ్మ ఆ చప్పటి మాటకే వణికిపోయి, కళ్ళలో నీళ్ళు నింపుకుని, రాణి చెప్పాల్సిన జవాబు చెప్పేది. ఎక్కడన్నా తప్పితే, "కాదు, ముందు 'ప్రభూ' అని ఉంది" అని కోటేశ్వరమ్మ తలెత్తకుండానే దిద్దేది. బాపట్లలో ఆ అద్దె ఇంటి వెనక వసారాలో, మధ్యాహ్నం పూట, ఇద్దరాడవాళ్ళు ఎన్ని రాజ్యాలు పోగొట్టుకున్నారో, ఎంతమంది పిల్లల్ని కని ఎన్ని కోర్టుల్లో గెలిచారో లెక్కలేదు. నాలుగయ్యేసరికి కోటేశ్వరమ్మ నాటకం కాగితాలు మడిచిపెట్టి కాఫీకి నీళ్ళు పడేసేది. తమ్ముడు ఆఫీసు నుంచి వచ్చే వేళ అది.

ఆమె సీతారావమ్మ భర్త జగన్నాథరావుకి అక్క. మొగుడు పోయి రేపల్లెలో ఒక్కతే ఉంటున్న మనిషి, మరదలి పురిటికని ఒక నెల సాయానికి వచ్చింది. పిల్ల పుట్టింది, హైమవతి అని పేరు పెట్టారు, బారసాల అయింది. పిల్ల పాకింది, నడిచింది, బళ్ళో వేశారు. కోటేశ్వరమ్మ వెళ్ళలేదు. ఉండమని ఆమెని ఎవరూ అడగలేదు, వెళ్ళమనీ ఎవరూ అనలేదు. తెల్లారకముందే లేచి పొయ్యి ముట్టించే మనిషి ఇంట్లో ఉంటే ఇక ఆ ఊసు ఎవరికి గుర్తొస్తుంది?

సీతారావమ్మది కొలకలూరు. తండ్రి వెంకటప్పయ్య పొలం గట్టు మీద నిలబడి కూడా పద్యాలు పాడుకునే రైతు. ఆమెకి పదహారేళ్ళప్పుడు, తెనాలి నాటక సమాజంలో ఆడవేషాలు వేసే ఆయనకి గొంతు పోతే, కార్యదర్శి నరసింహంగారు ఎవరో చెప్పగా వెతుక్కుంటూ వాళ్ళింటికి వచ్చారు. ఒక్క నాటకానికని వెళ్ళిన పిల్ల మళ్ళీ ఆగలేదు. రాణి వేసింది, రాణి జడ దువ్వే దాసీ వేసింది. కూలిమనిషి వేస్తే చుండూరు నుంచి వచ్చిన జనం వెనక వరసల్లో లేచి నిలబడి చూశారు. ఇరవయ్యో ఏట పళ్ళూడిన ముసలమ్మ వేసింది. నాటకమయ్యాక ఒక పెద్దావిడ తెర వెనక్కి వచ్చి, "ఆ మామ్మగారేదమ్మాయ్, మోకాళ్ళ నెప్పులకి ఏం వాడుతోందో కనుక్కుందామని" అని ఆమెనే అడిగింది. సీతారావమ్మకి ఏ బహుమతి వచ్చినా ఆ మాట ఇచ్చినంత సంతోషం ఇవ్వలేదు.

జగన్నాథరావు ఆమెని మొదట చూసింది స్టేజీ మీదే. బాపట్ల వ్యవసాయ కాలేజీ ఆఫీసులో గుమాస్తా ఆయన. పెళ్ళయ్యాక కూడా వేషాలు వేసుకోవచ్చని పెళ్ళిచూపుల్లోనే మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. పోటీలు ఎంత దూరాన జరిగినా సెలవు పెట్టి వచ్చి మొదటి వరసలో కూర్చునేవాడు. ఆమె మాట మరిచిపోతుందేమోనని పెదాలు కదుపుతూ కూర్చునేవాడు. మంచివాడు. ఆ మంచితనాన్ని ఊరు ఆమెని ఒక్కరోజూ మరిచిపోనివ్వలేదు. పెళ్ళాన్ని నాటకాలాడనిచ్చాడని ఆయన్ని మెచ్చుకున్నంతగా, ఆడినందుకు ఆమెని మెచ్చుకున్నవాళ్ళు తక్కువ. పోస్టర్ల మీద పేరు ముందు 'కుమారి' అని వేసేవారు. శ్రీమతి అని వెయ్యమని ఒకసారి అడిగితే నరసింహంగారు, "శ్రీమతులు అందరిళ్ళల్లోనూ ఉన్నారమ్మా, టిక్కెట్టు కొని ఎవరొస్తారు?" అన్నారు. నవ్వేసి ఊరుకుంది. ఇంటికొచ్చి వదినకి చెబితే, "మీ ఆయన పేరు ముందు ఏం వెయ్యాలో కూడా వాళ్ళనే అడగవే" అంది కోటేశ్వరమ్మ. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

అరవైల చివర మద్రాసు నుంచి సినిమా వాళ్ళు పిలిచారు. రెండు రోజులు, మూడు రోజులు ఉండే చిన్న వేషాలు. గయ్యాళి పక్కింటావిడ, చెవిటి అత్తగారు, తనకన్నా పదేళ్ళు పెద్దవాడైన హీరోకి తల్లి. జుట్టుకి తెల్లరంగు పూస్తుంటే అద్దంలో చూసుకుని, ఆ తల్లి ఎలా నడుస్తుంది, కొడుకు కంచంలో కూర వడ్డించేటప్పుడు ఎక్కడ చూస్తుంది అని ఆలోచించుకునేది. ఏడుపు సీను ఒక్క టేకులో ఇచ్చేస్తుందని పేరొచ్చింది. ఇంట్లో మాత్రం ఏడవడం మానేసింది. కొత్తలో ఏదో గొడవై కళ్ళనీళ్ళు పెట్టుకుంటే జగన్నాథరావు, "ఇది ఏ నాటకంలోదే?" అన్నాడు. హాస్యానికే అన్నాడు. కానీ ఆ తర్వాత ఇంట్లో కళ్ళు చెమరిస్తే చాలు, ఇది తను నిజంగా ఏడుస్తున్నదేనా అని ఆమెకే అనుమానం వచ్చేది.

ఆయన ఇంకో మాట కూడా అనేవాడు. కూరలో ఉప్పు తగ్గినా, పిల్లకి జ్వరం వచ్చినా, ఆమె రైలు ఆలస్యమై పొద్దెక్కి ఇల్లు చేరినా, "మా అక్క లేకపోతే నీ నాటకాలెక్కడివి?" అనేవాడు. అది తనకి తగలాలని విసిరిన రాయిలా ఉండేది సీతారావమ్మకి. తను సంపాదించుకున్న పేరులో సగం ఆయన చేత్తో తుడిచేసినట్టుండేది. తెనాలిలో సన్మానం చేసినరోజు మైకు ముందు నిలబడి, తన భర్త సహకారమే లేకపోతే తను లేనని చెప్పింది. అలా చెప్పాలని ఎవరూ నేర్పక్కర్లేదు, అందరూ అదే చెబుతారు. జనం చప్పట్లు కొట్టారు, జగన్నాథరావుని కూడా పైకి పిలిచి శాలువా కప్పారు. ఆడవాళ్ళ వరసలో కోటేశ్వరమ్మ, నిద్రపోతున్న హైమవతిని ఒళ్ళో వేసుకుని, రెండు చేతులూ ఖాళీ లేక చప్పట్లు కొట్టలేకపోయింది. ఆ ఏడు సీతారావమ్మకి బహుమతి తెచ్చిన నాటకంలో, వంటిల్లు చెరసాల అని ఒక పెద్ద మాట ఉంది. ఆ మాట కంఠతా వచ్చేదాకా వంటింటి గుమ్మంలో కూర్చుని వదినే చదివించింది.

డెబ్బైమూడులో మద్రాసు నుంచి పెద్ద కబురొచ్చింది. ఈసారి ఎవరి తల్లీ కాదు. నలుగురు పిల్లలున్న ఒక బడిపంతులమ్మ కథ, మొదటినుంచి చివరిదాకా ఆమె చుట్టూనే తిరుగుతుంది. ఆరు వారాలు అక్కడే ఉండాలి. సీతారావమ్మ ఆ కథ విన్నప్పట్నుంచీ నేల మీద నడవడం లేదు. ఆ వారంలోనే ఒకరోజు, అన్నాలు వడ్డిస్తూ కోటేశ్వరమ్మ తమ్ముడితో అంది:

"రేపల్లెలో ఇంట్లో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశార్రా. నేను వెళ్ళిపోతాను."

చూసి రావడానికేమో అనుకుని జగన్నాథరావు, వెళ్ళి రెండు రోజులుండి రమ్మన్నాడు. చూసి రావడానికి కాదు, ఉండటానికని ఆమె చెప్పింది. ఆయన కంచంలో చెయ్యి ఆగిపోయింది. ఇక్కడ నీకేం తక్కువైంది, ఎవరేమన్నారు అని అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదంది. అడిగి అడిగి ఆయన చివరికి చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేముందు భార్యని పక్కకి పిలిచాడు. "ఉంటే అక్క ఉండాలి, లేదా ఆ సినిమా నువ్వు మానుకోవాలి. మూడో దారి నాకేం కనపడటం లేదు. నువ్వు అడిగితే కాదనదు. నాలుగు కన్నీళ్ళు పెట్టుకో, నీకదేం కష్టమా" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ సినిమా ఆమెకి దక్కాలని ఆయనకీ ఉంది. అందుకే ఆ సలహా చెప్పాడు.

మధ్యాహ్నం డాబా మీద కోటేశ్వరమ్మ పాత పంచె పరిచి గుమ్మడికాయ వడియాలు పెడుతోంది. సముద్రం వైపు నుంచి గాలి కొడుతుంటే పంచె అంచులు లేవకుండా రాళ్ళు పెట్టింది. సీతారావమ్మ పక్కన కూర్చుని కాసేపు తనూ పెట్టింది. తర్వాత మొదలుపెట్టింది. తల్లి లేని తనని తల్లిలా చూసుకున్నది వదినేనంది. హైమకి ఎవరున్నారంది. గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గింది, కన్నీళ్ళు ఎప్పుడు రావాలో అప్పుడు వచ్చాయి, కొంగు నోటికడ్డం వెళ్ళింది. వదిన చెయ్యి ఆగలేదు. వరసగా వడియాలు పెట్టుకుంటూ అంతా విని, అంది:

"ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చోవాలి కదే. రెండో అంకం చివర."

సీతారావమ్మ నోటికడ్డం ఉన్న కొంగు తీసేసింది. నిజమే. ఆ కొంగూ, ఆ గొంతూ, అన్నీ ఆ నాటకంలోవే. తనకి తెలియకుండానే వచ్చేశాయి. సిగ్గేసింది. వెనకే నవ్వొచ్చింది. వదిన కూడా నవ్వడం చూసి, పిండి చేతులతోనే ఆమె భుజం మీద తల ఆనించి, నవ్వుతున్నదల్లా ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టిందో తెలియలేదు. ఇది మాత్రం ఏ అంకంలోదీ కాదు. కోటేశ్వరమ్మకి ఆ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. మోచేత్తో ఆమె తల నిమిరింది.

"అక్కడికెళ్ళి ఒక్కరూ ఏం చేస్తారు వదినా?" అని అడిగింది సీతారావమ్మ కళ్ళు తుడుచుకుని.

"ఏం చెయ్యను. నాకు ఆకలేసినప్పుడు వండుకుంటాను."

కోటేశ్వరమ్మ వడియాల వైపే చూస్తూ చెప్పుకుపోయింది. పదమూడో ఏట అత్తగారింటికి వెళ్ళింది. మామగారి ఆకలికి లేచింది, మంచంలో ఉన్న మొగుడి ఆకలికి లేచింది, తర్వాత తమ్ముడిది, పిల్లది. అసలు తనకి ఆకలి ఎన్నింటికి వేస్తుందో తనకి తెలియదట. అదొక్కటి తెలుసుకోవాలని ఉందట. ఇంకేం లేదంది.

"నా మీద కోపమేమో అనుకున్నాను."

"నీ మీద కోపమైతే నీ ఎదుటి వేషాలన్నీ ఎందుకేస్తానే? ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ మధ్యాహ్నపు గంటే. మిగతా రోజంతా మీది."

ఆ సాయంత్రం సీతారావమ్మ చాలాసేపు డాబా మీదే ఉండిపోయింది. మా అక్క లేకపోతే నీ నాటకాలెక్కడివి అని ఆయన అన్నప్పుడల్లా తను ఎంత నొచ్చుకుంది! ఆ మాట అబద్ధమని నొచ్చుకుంది. అది అక్షరాలా నిజం. దాన్ని తనమీద విసరడానికి వాడుకున్నాడు ఆయన, తప్పించుకోవడానికి చూసింది తను. ఆ అక్క అనే మనిషిని కూర్చోబెట్టి, ఇది నీకు ఇష్టమేనా అని అడగాలని ఇద్దరికీ తోచలేదు. స్టేజీ మీద నిలబడి ఆడదాని బతుకు గురించి అన్నన్ని మాటలు చెప్పింది, తెల్లారి ఇంటికొస్తే కాగులో నీళ్ళు వేడిగా ఉండేవి. అవి ఎలా వేడెక్కాయని ఏనాడూ అనుకోలేదు. మూడో దారి లేదంటున్నాడు ఆయన. లేకేం, ఆయన దాని మీదే కూర్చుని ఉన్నాడు. అందుకే కనపడటం లేదు. అలా అనుకోగానే ఆమెకి మళ్ళీ నవ్వొచ్చింది, మనసు తేలికపడింది.

వదినని తనే తీసుకెళ్ళి దింపింది. తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కారు. కిటికీ పక్కన కోటేశ్వరమ్మ, ఒళ్ళో ఇత్తడి బిందె పెట్టుకుని, చిన్నపిల్లలా స్టేషన్ల పేర్లు పైకి చదువుకుంటూ కూర్చుంది. ఇల్లు బూజులు దులిపి, కడిగి, సామాను సర్దేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పక్కింటి దేవకుమారి టీచరుగారు కొబ్బరిపచ్చడి పంపించారు. వదిన వీధరుగు మీద కాళ్ళు జాపుకుని కూర్చుంది. ఏమీ చెయ్యకుండా కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమెని అలా చూడటం సీతారావమ్మకి అదే మొదటిసారి. ఆ జాపిన కాళ్ళు, ఖాళీగా ఒళ్ళో పడుకున్న చేతులు, ఎటూ తొందరలేని చూపు కళ్ళనిండా చూసుకుంది. (ఆ తర్వాత ఏడాది బడిపంతులమ్మ సినిమా రేపల్లెలో ఆడినప్పుడు, జనం ఎక్కువ చెప్పుకున్నది, ఆఖర్న ఆ పంతులమ్మ బడి మెట్ల మీద ఊరికే కూర్చునే సీను గురించే. అలా కూర్చోవాలని మీకెలా తోచిందని పత్రికవాళ్ళు అడిగితే, మా వదిన దగ్గర నేర్చుకున్నానని చెప్పింది. వాళ్ళు అది రాసుకోలేదు.)

మర్నాటి సాయంత్రానికి ఆమె బాపట్ల చేరింది. తండ్రీ కూతురూ రెండు రోజులూ హోటలు ఇడ్లీలతో గడిపారు. జగన్నాథరావు ముఖం విప్పారింది. ఇకనేం, నువ్వొచ్చేశావుగా, మద్రాసువాళ్ళకి రానని ఉత్తరం రాసేద్దాం అన్నాడు. ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"సోమవారం వెళ్తున్నానండి. ఆరు వారాలు అక్కడే ఉంటాను."

"మరి ఇల్లు?" అన్నాడాయన. అందులో కోపం లేదు. నిజంగా తెలియకే అడిగాడు.

ఆమె లేచి ఆయన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. కాలేజీలో పండే వరి రకాల కాగితాలన్నీ ఆ చేతి మీదుగా వెళ్ళేవి. ఆ చేతికి గిన్నె అందించి రెండు గ్లాసుల బియ్యం పొయ్యమంది. ఆయన బియ్యం డబ్బా కోసం అటూ ఇటూ చూశాడు. పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడిన హైమవతి కంటబడింది.

"అమ్మాయికి చెబితే పోదూ? అదెలాగూ నేర్చుకోవాల్సిందేగా" అన్నాడు ఊపిరి పీల్చుకుని.

"దానికి లెక్కల పరీక్ష ఉందండి. హైమా, వెళ్ళి చదువుకో అమ్మా" అంది సీతారావమ్మ. పిల్ల ఒకసారి తల్లి వంకా ఒకసారి తండ్రి వంకా చూసి వెళ్ళిపోయింది.

ఆయన స్టవ్ ముందు గొంతుక్కూర్చున్నాడు. "నాకు రాదు సీతా" అన్నాడు. ఆ మాట ఆయన అబద్ధానికి అనలేదని ఆమెకి తెలుసు. పక్కనే తనూ కూర్చుని అగ్గిపెట్టె ఆయన చేతిలో పెట్టింది.

"మొదటిరోజు ఎవరికీ రాదండి. రేపు కూడా మనమే చెయ్యాలని తెలిస్తే, అదే వస్తుంది."