ఇద్దరు మెర్సీలు

నిద్రపోయిన బిడ్డ మళ్ళీ కళ్ళు తెరవదేమో అన్నదే నా భయాలన్నిటిలోకీ పెద్దది, అందుకే కూర కలుపుతూ కలుపుతూ మంట తగ్గించి గదిలోకి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, వెచ్చగా ఊపిరి తగిలింది, కొండాపూర్‌లో ఎవరు వంటమనిషి బిడ్డను తమ మంచం మీద పడుకోబెట్టనిస్తారు, జయంతి మేడం కాబట్టి, ఆవిడ చల్లగా ఉండాలి, పాపకేం కాలేదు పెంటమ్మా, ఊరికే కెలికి లేపకు అంటూనే కంప్యూటర్ మీంచి కళ్ళు తీయరు, అమెరికా వాళ్ళకు వాళ్ళ ముత్తవ్వల ముత్తవ్వలను వెతికిపెట్టడం ఆవిడ ఉద్యోగం, కొన్నాళ్ళుగా మెర్సీ అనే ఒకావిడ వెంట పడ్డారు, అమెరికా ఇంకా ఇంగ్లీషు రాజు కింద ఉన్నప్పటి మనిషట, ఆమె తల్లి ఎవరు, తోబుట్టువులెవరు, మేడం చెబుతుంటే వింటాను, నేను ఏడో తరగతితోనే బడి మానేశాను, పెంటమ్మా అని పంతులు పిలిస్తే చాలు పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్ళు, నాకు ముందు పుట్టినవాళ్ళు బతకలేదని అమ్మ నన్ను పెంటకుప్ప మీద పడుకోబెడితే పక్కింటి పోచమ్మ చాటలో ఎత్తుకుని, గిది నా బిడ్డ, నేను కొనుక్కున్న, అని పెంటమ్మ అన్న పేరు పెట్టి, వెలగా దోసెడు తవుడు అమ్మ కొంగులో పోసిందట, చావు మా గడపలో వెతికినా నేను దొరకకూడదని, నా పెద్దబిడ్డకు అవేమీ చేయలేదు, పట్నంల గవన్ని ఏందే అన్నాడు నా మొగుడు మహేందర్, ముచ్చటపడి దేవిశ్రీ అని పెట్టుకున్నాం, జ్వరమొచ్చి ఆ బిడ్డ చనిపోయింది, ఇప్పుడీ చిన్నదానికి నేనే పేరు పెట్టనివ్వడం లేదు, పేరంటూ ఉంటే చావు పిలుస్తుందని.

అయ్యయ్యో, పొరపాటు చేశాను పెంటమ్మా, అన్నారు మేడం ఉన్నట్టుండి, ఒకే తల్లికి ఇద్దరు మెర్సీలు కనిపిస్తే ఒక్కదాన్నే రెండుసార్లు రాశారనుకుని ముందుదాన్ని వంశవృక్షంలోంచి కొట్టేశాను, అది పసితనంలోనే పోయిందమ్మా, తర్వాత పుట్టినదానికీ అదే పేరు పెట్టుకున్నారు, అప్పట్లో అక్కడ అలా పెట్టుకునేవారట, నా చేతిలో గరిటె ఆగిపోయింది, పోయిన బిడ్డ పేరా, ఆ తల్లికి ఎంత గుండె, మా అమ్మ నన్ను దాచింది, ఆ తల్లేమో పేరు పెట్టి గట్టిగా పిలిచింది, మరి రెండో పిల్ల బతికిందా మేడం, బతికింది, ముసలిదయ్యేదాకా బతికింది, ఇప్పుడు వెతికించుకుంటున్నావిడ ఆమె వంశమే, అయితే ఆ మొదటిదాన్ని మళ్ళ పెట్టుండ్రి మేడం, జర పెట్టుండ్రి, అన్నాను, మేడం నా ముఖం చూసి పెట్టేశారు, అక్క పక్కన చెల్లెలు.

ఎంతమంది పిల్లలని అడిగితే ఒక్కతే అంటున్నాను ఇన్నాళ్ళూ, ఇకనుంచి ఇద్దరంటాను, ముక్కు దగ్గర పెట్టే నా వేలు ఈ చిన్నదాన్ని కాపాడగలదా, నన్ను మాత్రం మా అమ్మ భయం కాపాడిందా, ఇంకొకామె వచ్చి చాట పట్టింది, ఆ భయంలో సగం మోసింది, ఇంతకాలం సిగ్గుపడిన నా పేరు ఆమె పెట్టిన భిక్ష, కొనుక్కున్నవాళ్ళే బిడ్డకు పేరు పెట్టాలి, పోచమ్మ ఇప్పుడు బోరబండలో ఒక్కతే ఉంటోంది, పొద్దుట్నుంచి ఫోన్ ఎత్తడం లేదు, నాకు సాయంత్రందాకా పని, మీలో ఎవరైనా అక్కడి రైలు స్టేషన్ వైపు వెళితే, వెనక సందులో నీలం తలుపు, కాస్త తట్టండి, లేచిందా, తిన్నదా చూడండి, పెంటమ్మ బిడ్డకు పేరు పెట్టాలి, చాట తీసుకుని రమ్మందని చెప్పండి.