వినోద కట్టిన ఊరు

"డీలర్ సాబ్ లేడా?"

కాంటా మీద బియ్యం తూస్తున్న వినోద తలెత్తింది. ఎదురుగా ఎల్లయ్య, చేతిలో రేషన్ కార్డు, మడిచిన సంచి. ఆమె వెనకాలే గోడకు వేలాడే బోర్డు మీద తెల్లరంగుతో "డీలరు: వినోద" అని రాసి ఉంది. ఎనిమిదేళ్లుగా రాసి ఉంది. ఎనిమిదేళ్లుగా నారాయణఖేడ్‌లోని ఆ వాడ వాళ్లంతా ఆ బోర్డు కిందికే వచ్చి, ఆమె ముఖం చూసి, డీలర్ సాబ్ లేడా అని అడుగుతూనే ఉన్నారు.

"చాయ తాగనీకి పోయిండు. సంచి పట్టు," అంది వినోద.

మహిళల కోటాలో వచ్చిన దుకాణం అది. పది పాసైన ఆడమనిషి కావాలన్నారు. ఇంట్లో పది పాసైన మనిషి వినోద ఒక్కతే. ఆమె భర్త గోవర్ధన్ ఎనిమిదితోనే బడి మానేశాడు. ఆమె పదో తరగతి మెమోతో దుకాణం వచ్చాక కుర్చీలో ఆయన కూర్చున్నాడు, కాంటా దగ్గర ఆమె నిలబడింది. పొద్దున్నే వేలిముద్రల మిషను తెరుచుకోవాలంటే మాత్రం డీలరు వేలే కావాలి. "వేలు పెట్టు" అంటాడు గోవర్ధన్. ఆమె బొటనవేలు పెడుతుంది. మిషను తెరుచుకున్నాక "ఇగ తూచుపో" అంటాడు. ఆ రెండు మాటలతోనే ఆమె డీలరుతనం మొదలై ముగుస్తుంది.

పుట్టినూరు కంగ్టి బడిలో ఆమె ఫస్టు క్లాసులో పాసైంది. ఇంటర్‌లో చేరడానికి అప్లికేషను కూడా నింపుకుంది. ఆ ఎండాకాలమే పెళ్లి చేశారు. కొత్తలో ఒకసారి ఇంటర్ మాటెత్తితే "పప్పుడకబెట్టనీకి ఇంటరెందుకు" అన్నాడు గోవర్ధన్. అత్త కాశమ్మ అయితే, వినోద జొన్నరొట్టె తట్టిన ప్రతిసారీ "సదువుకున్నదాని రొట్టె గింత మందమేందమ్మా" అనేది. ఆ మాట వినీ వినీ, చదువుకూ రొట్టె మందానికీ నిజంగానే ఏదో లంకె ఉందేమోనని ఆమెకే అనుమానం వచ్చిన రోజులున్నాయి.

మొన్నటి వేసవి సెలవుల్లో కూతురు సుహాసిని పాత ఫోనులో ఊరు కట్టే ఆట ఒకటి వేసుకుంది. రోడ్లు పరచాలి, నీళ్లు తేవాలి, ఇళ్లకు జాగా ఇవ్వాలి, అప్పుడు మనుషులు వాళ్లంతట వాళ్లే వచ్చి చేరతారు. పది రోజులకు సుహాసినికి విసుగొచ్చింది. వినోదకు రాలేదు. మధ్యాహ్నం దుకాణం మూసి, గిన్నెలు తోమి, అత్తకు గోలీలిచ్చాక దొరికే గంటలో ఆమె ఊరు కట్టేది. తనకు తెలిసిన ఊరు ఖేడే కాబట్టి అలాగే కట్టింది. నడిమిట్లో పెద్ద రోడ్డు, ఒక బజారు, చివర పప్పు మిల్లులాంటి ఫ్యాక్టరీలు. జనం బాగానే వచ్చారు. కానీ ఒక దశకు వచ్చాక ఊరు ఆగిపోయింది. కొత్తగా వేసిన ఆఫీసుల మీద ఎర్రగా ఒక గుర్తు మెరుస్తూ ఉండేది. అదేమిటని కూతురిని అడిగింది.

"పనోళ్లు దొరుకుతలేరంట అమ్మా. సదువుకున్నోళ్లు గావాల్నంట."

అదెంత పని అనుకుని ఒక బడి కట్టింది. మర్నాడు చూస్తే గుర్తు అట్లాగే ఉంది. ఇంకొకటి కట్టింది. ఏమీ మారలేదు. అప్పుడు కూర్చుని ఒక్కో బడిని నొక్కి చూసింది. ఒకదాంట్లో సగం బల్లలు ఖాళీ. ఇళ్ల నుంచి అక్కడికి దారి చుట్టు తిరిగి పోతోంది. మధ్యలో అడ్డరోడ్డు వేసి, బస్సు పెట్టింది. పిల్లలు నిండారు. చిన్నబడి అయిపోయిన పిల్లలు పెద్దబడికి పోకుండా ఫ్యాక్టరీలో చేరిపోతున్నారు, ఎందుకంటే పెద్దబడి లేదు, ఫ్యాక్టరీ ఉంది. అది చూసినప్పుడు ఆమెకు కంగ్టిలో తనతో చదువుకుని, పదో తరగతికి రాకుండానే తల్లిదండ్రుల వెంట పనులకు వలసపోయిన ఆడపిల్లలు వరసగా గుర్తొచ్చారు. వాళ్లకు తెలివి లేదని సారు అనేవాడు. తెలివి కాదు సారూ, బడి ఎక్కడ పెట్టారో చూడాలి కదా అని ఇన్నేళ్ల తర్వాత మనసులో జవాబు చెప్పుకుంది.

పెద్దబడి కట్టింది. తర్వాత కాలేజీ. కట్టిన రోజే ఫలితం రాదని ఆటే నేర్పింది. పిల్లలు బడికి పోవాలి, పెరగాలి, పై బడికి పోవాలి, అప్పుడుగాని పనిలోకి రారు. రెండు నెలలు ఓపిక పట్టింది. ఒక మధ్యాహ్నం ఫోను తెరిస్తే ఒక్క ఎర్ర గుర్తూ లేదు. ఆగిపోయిన ఆఫీసులు అంతస్తులు వేసుకుంటున్నాయి. దవాఖానలో డాక్టర్లున్నారు. వినోదకు లేచి ఎవరికైనా చెప్పాలనిపించింది. నిద్ర లేచి వస్తున్న గోవర్ధన్ కనిపించాడు.

"ఊరు మంచిగ అయింది, సూడు," అంది.

"సిన్నపోరి లెక్క గా బొమ్మలాటేంది. చాయ పెట్టు," అన్నాడు.

చాయ పెట్టింది. కానీ ఆ రోజు చాయ పెడుతున్నది వేలమందికి చదువు చెప్పించిన మనిషి. అది ఆయనకు తెలియకపోయినా ఆమెకు తెలుసు.

ఆ ఊరి మీద నిజంగా ఆసక్తి పడ్డది కాశమ్మ. మంచం మీద కూర్చుని కొన్నాళ్లు ఓరకంట చూసింది. తర్వాత జరిగి పక్కకు వచ్చింది.

"గండ్ల, నీ ఊర్ల, పోరగాండ్లు బడికి పోతున్నరా?"

"పోతున్నరత్తమ్మా. గీ బస్సెక్కి."

"హౌదా?" అంది కాశమ్మ. ఆమె పుట్టిల్లు నాగల్‌గిద్ద. ఆశ్చర్యం కలిగితే నోట కన్నడమే వస్తుంది. "గండ్ల నేనున్ననా?"

వినోద నవ్వి, వీధిలో నడుస్తున్న ఒక ముసలామెను నొక్కి, పేరు మార్చి కాశమ్మ అని పెట్టింది. కాశమ్మ కళ్లు చికిలించి తన బొమ్మను చూసుకుంది.

"ఈమె సదువుకున్నదా?"

"లేదు."

"బడిల ఎయ్యరాదు మరి."

"ముసలోళ్లను తీస్కోరత్తమ్మా గీ ఆటల."

కాశమ్మ మోకాలు రుద్దుకుంది. తన బొమ్మ బజారు దాటి మలుపు తిరిగేదాకా చూసింది.

"నీ ఈడుదాన్ని?"

వినోద వేలు ఆగిపోయింది. కాలేజీని నొక్కినప్పుడు వచ్చే జాబితాలో పిల్లల పేర్ల మధ్య పెద్దవాళ్ల పేర్లు ఉండటం ఆమె ఎప్పుడో చూసింది. పనికి పోతూ, ఇల్లు చూసుకుంటూ, వయసు మళ్లకముందే మళ్లీ చదువుకుంటున్న ఆడవాళ్లు. వాళ్లను చూసీ చూడనట్టు జాబితా మూసేసేది.

"తీస్కుంటరు," అంది.

"గట్లయితే నీకేం రోగం," అంది కాశమ్మ.

ఆ సాయంత్రమే వినోద గోవర్ధన్‌ను మెమో అడిగింది. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కడతానంది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. అదే ఆమెకు వింతగా తోచింది. ముఖం పక్కకు తిప్పుకుని మాట్లాడాడు.

"మెమో దుకాణం ఫైల్ల ఉన్నది. తీస్తే కాయిదాలన్ని ఆగమైతయి. బిడ్డ ఇంటరు, తల్లి ఇంటరు, నలుగురు నవ్వుతరు."

నవ్వే ఆ నలుగురిలో మొదటివాడు ఆయనేనని, ఆ నవ్వు వెనక ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయిన పిల్లవాడొకడు భయపడుతున్నాడని ఆమెకు అర్థమైంది. జాలి కూడా కలిగింది. ఇన్నేళ్లూ ఆ జాలి కోసమే తను చిన్నదిగా ఉండిపోయింది.

మర్నాడు పొద్దున దుకాణం ముందు పదిమంది దాకా వరసలో ఉన్నారు. గోవర్ధన్ మిషను ముందుకు జరిపాడు.

"వేలు పెట్టు."

వినోద చేతులు కొంగుకు తుడుచుకుంది. "మెమో ఇయ్యి, పెడ్త."

గొంతు పెంచలేదు. కానీ వరసలో మొదట నిలబడ్డ భీమమ్మకు వినబడింది. గోవర్ధన్ జనం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇంట్ల మాట్లాడుదాం."

"ఇంట్ల పద్దెనిమిదేండ్ల సంది మాట్లాడుతనే ఉన్న."

"ఏం కాయిదం కొడకా?" అంది భీమమ్మ.

"నా పది మెమో," అంది వినోద.

"ఆమెదే గదా, ఇయ్యరాదు. ఇంటికాడ ఎసరు పెట్టొచ్చిన."

గోవర్ధన్ లేచి బీరువా తెరిచి, ఫైలు విప్పి, ప్లాస్టిక్ కవరులోని కాగితం తీసి కాంటా పక్కన పెట్టాడు. అంచులు పసుపెక్కాయి గాని అక్షరాలు చెక్కుచెదరలేదు. వినోద తన పేరు చదువుకుంది. లెక్కల మార్కులు చదువుకుంది. మడత పడకుండా జాకెట్టుకు ఆనించి పట్టుకుని, అప్పుడు మిషను మీద వేలు పెట్టింది.

మధ్యాహ్నం గోవర్ధన్ తల్లి దగ్గర పంచాయితీ పెట్టాడు. ఆదివారాలు క్లాసులకు పోతదంట, వంటెవరు చేస్తరని అడిగాడు.

"నేను చేస్త," అంది కాశమ్మ. "మందమైతే మందమే తిను."

ఆ ఆదివారమే వినోద సుహాసినిని తోడు తీసుకుని ఓపెన్ స్కూలు ఫారాలు తీసుకునే బడికి వెళ్లింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. ఫోను ఇంట్లోనే వదిలేసింది. బల్ల వెనక కూర్చున్న సారు తల ఎత్తకుండానే ఫారం అందుకుని, పేరు చూసి, మార్కులు చూసి, మెచ్చుకోలుగా తలాడించాడు. పెన్ను తీసి సుహాసిని వైపు చాపాడు.

"మంచి మార్కులున్నయి వినోదా. గిక్కడ సంతకం పెట్టు బిడ్డా."

సుహాసిని ఒక అడుగు వెనక్కి వేసింది. వినోద ముందుకు వచ్చి పెన్ను అందుకుంది.

సారు ఆమెను, ఆమె వెనక ఉన్న పిల్లను మార్చి మార్చి చూశాడు. "మరి ఈ అమ్మాయి?"

"మా బిడ్డ సార్," అంది వినోద, సంతకం చేస్తూ. "నన్ను బడిల ఎయ్యనీకి వచ్చింది."